ఆయుధశిల్పి హ్యూగో ష్మైసర్

యుద్ధములలో గెలిచిన సేనానుల పేర్లు చరిత్రమున నిలుచును. ఓడిన రాజుల పేర్లును నిలుచును. వారి చేతికి ఆయుధమందిచ్చిన పనివాని పేరు మాత్రము సాధారణముగా నెవరికిని జ్ఞప్తికి రాదు. నేడు ఏ దేశపు పత్రికను విప్పినను, ఏ యుద్ధరంగపు ఛాయాచిత్రమును చూచినను, ఒకే మాదిరి తుపాకి మన కంటబడును. పూర్వపు సిపాయి తుపాకికంటె అది పొట్టిది. దాని క్రింద తూటాల పెట్టె వంపుతిరిగి వ్రేలాడుచుండును. మీటను నొక్కి విడిచినచో ఒక గుండు. నొక్కి పట్టినచో గుండ్లవాన. ఇంగ్లీషువారు దీనిని అసాల్ట్ రైఫిల్ అందురు. దాడి తుపాకి యని మనము చెప్పుకొనవచ్చును. ఈ తుపాకి యనగనే రష్యా దేశీయుడైన కలష్నికోవ్ పేరు చదువరులకు స్ఫురించును. కాని దాడి తుపాకి యను పేరును, ఆ పేరుతో లక్షలకొలదిగా సైన్యమున కందిన మొదటి తుపాకియు జర్మనీదేశమున పుట్టినవి. దానిని రూపొందించినవారిలో ముఖ్యుడు హ్యూగో ష్మైసర్.

అతడు గతించి డెబ్బది సంవత్సరములు దాటినవి. అతని జీవితమును నేడు మా పాఠకులకు విన్నవింపదలచితిమి. ఆయుధమును కీర్తించుట మా యుద్దేశము కాదు. చంపుటకై చేయబడిన యంత్రమును పూజించు వ్యామోహము మాకు లేదు. అట్లని పనివానిని దూషించి తృప్తిపడుటయు మాకు సమ్మతము కాదు. నేర్పుగలవాడు తన నేర్పు ఎవరి చేతిలో పడుచున్నదో విచారింపవలదా? ఈ ప్రశ్నను మన ముందుంచు జీవితములలో ష్మైసర్ జీవితమొకటి. అందుచేతనే దీనిని చెప్పుచున్నాము.

ష్మైసర్ 1884 సెప్టెంబరు 24వ తేదీన జర్మనీలోని యేనా పట్టణమున జన్మించెను. తండ్రి లూయీ ష్మైసర్ ఆ కాలమున పేరుమోసిన తుపాకి నిర్మాత. థియోడర్ బెర్గ్‌మన్ అను పారిశ్రామికునికొరకు అతడు పిస్తోళ్లను, మరతుపాకులను రూపొందించెను. తుపాకి చరిత్రమున అదియొక సంధికాలము. పొగరాని మందు అప్పుడే వాడుకలోనికి వచ్చినది. పేలుడు శక్తిలో కొంతభాగమును వాడుకొని తుపాకి తనంతట తానే ఖాళీ తూటాను వెలికి త్రోసి క్రొత్తదానిని నింపుకొనగలదని హైరమ్ మాక్సిమ్ తన మరతుపాకిచే నిరూపించెను. కొలిమి యింట పుట్టిన బిడ్డ సుత్తి చప్పుడులోనే పెరిగినట్లు, హ్యూగో ఈ యంత్రముల నడుమనే పెరిగెను. విద్యాలయములలో సంపాదించిన పాండిత్యముకంటె చేతిపనియే అతనికి ప్రధానమయ్యెను.

అతని కార్యరంగము సూల్ పట్టణము. అది థురింజియా అడవులలో కొండల నడుమ నున్న చిన్న ఊరు. ఇనుము దొరకు కొండలు దగ్గర నుండుటచే అచట శతాబ్దులనుండి తుపాకి పని వంశపారంపర్యముగ సాగుచుండెను. మన దేశమున కొన్ని గ్రామములు నేతకు, కొన్ని కంచుపనికి పేరుపొందినట్లే సూల్ తుపాకికి పేరుపొందెను. యువకుడగు ష్మైసర్ అచటి బెర్గ్‌మన్ కర్మాగారమున పనిచేయుచుండగా 1914లో మొదటి ప్రపంచయుద్ధము సంభవించెను.

ఆ యుద్ధము పశ్చిమరంగమున కొలది నెలలలోనే కందకముల యుద్ధమైపోయెను. రెండు పక్షముల సైనికులును నేల త్రవ్వుకొని, ముండ్లతీగెల వెనుక దాగియుండిరి. అప్పటి సిపాయి రైఫిలు దూరపు గురిని కొట్టుటకు చేయబడినది. దాని గుండు వేయిగజములకు పైబడి పోగలదు. కాని కందకములోనికి దూకిన సైనికునికి శత్రువు వేయిగజముల దూరమున లేడు. మూలమలుపున పది యడుగుల దూరమున నున్నాడు. పొడవైన తుపాకిని ఇరుకు సందులో త్రిప్పుటయే కష్టము. ప్రతి గుండు తరువాతను చేతితో గడియ లాగి మరల మూయవలెను. మరతుపాకి యున్నది గాని, దానిని మోయుటకు పలువురు కావలెను. ఒక్కడు మోసికొనిపోగల చిన్న మరతుపాకి కావలెనని సైన్యము కోరెను.

ష్మైసర్ ఇచ్చిన సమాధానము ఎం.పి. 18 అను తుపాకి. ఇందులో అతడు రైఫిలు తూటాను విడిచి 9 మిల్లీమీటర్ల పిస్తోలు తూటాను వాడెను. చిన్న తూటాకు శక్తి తక్కువ. కావున గడియను బిగించి పట్టు చిక్కుపనులు అక్కరలేదు. బరువైన ఇనుపముక్క యొకటి స్ప్రింగుపై ముందునకు వెనుకకు ఆడిన చాలును. పనితనమున ఇంత సులువైనది మరియొకటి లేదనిపించునట్లు అతడు దానిని తీర్చెను. తూటాలకు నిడుపాటి పెట్టె అమర్చవలెనని అతని తలంపు. సైన్యాధికారులు మాత్రము అప్పటికే నిలువయున్న, నత్తగుల్లవంటి గుండ్రని 32 తూటాల డబ్బీనే వాడుమని పట్టుపట్టిరి. అది బరువైనది, నింపుటకు కష్టమైనది. అయినను 1918లో జర్మను సేనలు చేసిన కడపటి గొప్ప దాడులలో ఈ తుపాకి రంగమున దిగెను. యుద్ధమును అది గెలిపింపలేదు. ఆ సంవత్సరము నవంబరులో జర్మనీ చేతులెత్తెను. కాని పదాతి భటుడొక్కడు మరతుపాకి పనిని చేయగలడను భావము నాటినుండి లోకమున పాదుకొనెను.

తరువాత వచ్చినది వెర్సేల్స్ సంధి. జర్మను సైన్యము లక్షకు మించరాదని విజేతలు శాసించిరి. ఆయుధముల తయారీకిని గట్టి హద్దులు పెట్టిరి. తుపాకి తప్ప వేరు విద్య యెరుగని సూల్ పట్టణమునకు ఇది కఱవుకాలము. ష్మైసర్ కొంతకాలము ఇతర వ్యాపారములలో నుండి, 1925 ప్రాంతమున అదే ఊరిలోని హేనెల్ సంస్థలో చేరెను. అచట తన పాత తుపాకిని సంస్కరించి ఎం.పి. 28ను సిద్ధపరచెను. గుండ్రని డబ్బీ పోయి అతడు మొదట కోరిన నిడుపు పెట్టె వచ్చెను. ఒక్కొక్క గుండుగా కాల్చుటకును, వరుసగ కాల్చుటకును వీలు కలిగెను. బెల్జియమున కూడ దీనిని తయారుచేసిరి. రెండవ ప్రపంచయుద్ధమున ఇంగ్లండునకు చిన్న మరతుపాకులు కొఱతపడినపుడు, ఆంగ్లేయులు లాంచెస్టర్ అను పేరున తయారుచేసికొన్నది ఈ జర్మను తుపాకికి నకలే. శత్రువు విద్యను మెచ్చుకొనుటకు యుద్ధమునకు మించిన సభ లేదు కాబోలు.

1933లో జర్మనీ హిట్లరు వశమయ్యెను. ఆ మార్పు సూల్ పట్టణమున నెట్లు కనబడెనో చెప్పక ఈ కథ ముందునకు సాగదు. ఆ ఊరిలో సిమ్సన్ అను గొప్ప సంస్థ యుండెను. దాని యజమానులు యూదులు. వెర్సేల్స్ సంధి తరువాత జర్మను సైన్యమునకు తేలిక మరతుపాకులు చేయు అనుమతి ఆ సంస్థకే దక్కినది. థురింజియా ప్రాంతపు నాజీ అధిపతియగు ఫ్రిట్జ్ సౌకెల్ దానిపై కన్నువేసెను. నేరములారోపించి, బెదరించి, 1935లో ఆ కుటుంబమునుండి సర్వమును లాగుకొనిరి. మరుసటి సంవత్సరము వారు ప్రాణములు దక్కించుకొని దేశమును విడిచిపోయిరి. ఆ కర్మాగారము నాజీల సంస్థలో కలసిపోయెను. ఇదంతయు ష్మైసర్ పనిచేయు ఊరిలోనే, అతడు నిత్యము నడచు వీథులలోనే జరిగినది. అతని పని మాత్రము ఆగలేదు. క్రొత్త ప్రభుత్వము ఆయుధములను విరివిగా కోరెను. హేనెల్ సంస్థ విరివిగా ఇచ్చెను.

ఇచట ఒక పొరపాటును దిద్దవలసియున్నది. రెండవ యుద్ధకాలపు చలనచిత్రములలో జర్మను సిపాయి చేత కనబడు మడత పిడిగల చిన్న మరతుపాకిని లోకమంతయు ష్మైసర్ అని పిలిచెను. అది ఎం.పి. 40. దానిని రూపొందించినది ఎర్ఫుర్ట్ పట్టణములోని ఎర్మా సంస్థ. దాని మూలమునకు కర్త హైన్రిక్ ఫొల్మర్. ష్మైసరునకు దానిపై గల హక్కు తూటాల పెట్టెవరకే. ఆ పెట్టెపై అతని పేటెంటు ముద్ర యుండెను. ఆ ముద్రను చూచిన మిత్రరాజ్యముల సైనికులు తుపాకి మొత్తమునకు ఆ పేరే తగిలించిరి. సొమ్మొకనిది, సోకొకనిది యన్నట్లు, అతడు చేయని తుపాకి అతని పేరును దేశదేశములకు మోసికొనిపోయెను. అతడు నిజముగా చేసిన గొప్ప తుపాకికి అతని పేరు రాలేదు.

ఆ గొప్ప తుపాకి వెనుక నున్న ఆలోచనను కొంచెము వివరింపవలెను. సిపాయి రైఫిలు తూటా మిక్కిలి బలమైనది. పిస్తోలు తూటా మిక్కిలి బలహీనమైనది. మొదటిది దూరమునకు పోవును గాని, తన్ను గట్టిగ తన్నును. వరుసగ కాల్చినచో తుపాకి భుజమున నిలువదు. రెండవది వరుసగ కాల్చుటకు అనువైనది గాని, నూఱు రెండునూఱుల గజములు దాటినచో పనికిరాదు. యుద్ధానుభవమును లెక్కించి చూచినవారికి తేలినదేమనగా, పదాతి యుద్ధములో అధికభాగము 400 మీటర్లలోపలనే జరుగుచున్నది. వేయిమీటర్ల తూటాను మోయుచు సైనికుడు 400 మీటర్ల పని చేయుచున్నాడు. అట్లయిన ఈ రెంటికిని నడిమిదగు తూటా నొకదానిని చేసి, దానికి తగిన తుపాకిని కట్టరాదా?

ఈ ఆలోచన ష్మైసరునకు మొదట తోచినది కాదని న్యాయముగ చెప్పవలెను. రష్యా దేశమున వ్లదీమిర్ ఫ్యోదొరోవ్ అను శాస్త్రజ్ఞుడు 1916 నాటికే, తక్కువ తన్ను గల 6.5 మిల్లీమీటర్ల జపాను తూటాను గ్రహించి, ఒక్కడు మోయదగిన వరుస తుపాకిని నిర్మించెను. అది కొలది వేలు మాత్రమే తయారై, 1920 తరువాత కొన్నేండ్లకు మూలబడెను. బీజము రష్యాలోనే పడినది. చెట్టు మాత్రము జర్మనీలో పెరిగెను.

1938లో జర్మను ఆయుధశాఖ ఈ నడిమి తూటాకై తుపాకిని చేయుమని హేనెల్ సంస్థను కోరెను. తూటాను మాగ్డెబుర్గ్ పట్టణపు పోల్టె సంస్థ సిద్ధపరచెను. పాత తూటా గుల్ల పొడవు 57 మిల్లీమీటర్లు, క్రొత్తది 33. గుండు వ్యాసము మాత్రము పూర్వమువలెనే 7.92. అందుచే గొట్టములను తొలుచు పాత యంత్రములే పనికివచ్చెను. తుపాకి భారము ష్మైసర్ వహించెను. గుండు గొట్టమున పరుగిడునపుడు దాని వెనుకనున్న వేడిగాలిలో కొంత పైనున్న సన్ననాళములోనికి మరలును. అచట పిస్టనును వెనుకకు త్రోయును. పిస్టను గడియను పైకెత్తి వెనుకకు లాగును. ఖాళీ గుల్ల వెలికి పడును. స్ప్రింగు గడియను మరల ముందునకు త్రోసి క్రొత్త తూటాను లోపలికి నెట్టును. పెట్టెలో 30 తూటాలు. పాత రైఫిలులో నుండునవి 5.

1942లో తొలి నమూనాలు సిద్ధమయ్యెను. వాల్తర్ సంస్థయు పోటీకి తన నమూనాను తెచ్చెను గాని, హేనెల్ తుపాకియే నెగ్గెను. ఇందులో మరియొక విశేషము కలదు. పూర్వము తుపాకి దేహమును ఇనుపదిమ్మనుండి గంటలకొలది తొలిచి తీయవలసివచ్చెడిది. ఇచట అధికభాగమును ఉక్కురేకును అచ్చున ఒత్తి, అతికి చేసిరి. ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు మెర్జ్ సంస్థ ఈ రేకుపనిలో సాయపడెను. నిపుణుడైన తుపాకి పనివాడు లేకయే, సామాన్యపు యంత్రశాలలలో భాగములు తయారగుటకు దారి ఏర్పడెను. మా యభిప్రాయమున ఈ తుపాకి చరిత్రలో గడియకంటె, నాళముకంటె ముఖ్యమైన సంగతి ఇదియే. ఆయుధము శిల్పి చేతినుండి జారి రేకు ఒత్తు యంత్రమునకు దక్కెను. నాటినుండి దానికి లెక్కలేదు.

ఇక దాని నామకరణము విను డొక రాజ్యతంత్రపు కథ. క్రొత్త తూటాను ప్రవేశపెట్టుటకు హిట్లరు ఒప్పుకొనలేదు. పాత తూటాలు అపారముగా నిలువయుండగా యుద్ధమధ్యమున మరియొక తూటా యేల యని అతని వాదము. ఆయుధశాఖవారు ఎదురాడలేక, మానుకొనను లేక, తుపాకికి ఎం.పి. 43 అను పేరుపెట్టి, ఇది చిన్న మరతుపాకియే గాని క్రొత్త రైఫిలు కాదని చాటుగా పని సాగించిరి. నిరంకుశుని కొలువులో నిజమునకు మారుపేరు పెట్టుకొని బ్రతుకవలసిన గతి ఇట్టిది. 1943లో తూర్పురంగమున దానిని పరీక్షించిరి. సైనికులు మెచ్చిరి. కడకు హిట్లరు సమ్మతించి, 1944లో దానికి స్టుర్మ్‌గెవేర్ అను పేరును అంగీకరించెను. ఆ పేరును అతడే పెట్టెనని ప్రసిద్ధి. ఆ మాటకు దాడి తుపాకి యని యర్థము. ఇంగ్లీషువారి అసాల్ట్ రైఫిల్ ఈ జర్మను మాటకు తర్జుమాయే. నియంత యొకడు తన ప్రచారమునకై మెచ్చిన మాటను నేడు లోకములోని సైన్యములన్నియు శాస్త్రీయ నామమువలె వాడుచున్నవి.

యుద్ధాంతమునకు సుమారు 4,25,000 తుపాకులు తయారయ్యెను. అది పెద్ద సంఖ్యయే. కాని నాటి యుద్ధమునకు చాలదు. ప్రక్కనే సోవియట్లు తమ పి.పి.ఎస్.హెచ్. చిన్న మరతుపాకులను దాదాపు 60 లక్షలు చేసియుండిరి. జర్మనీలో ఇనుము తరిగెను, నూనె తరిగెను, మనుష్యులు తరిగిరి. కర్మాగారములపై బాంబులు పడుచుండెను. ఎంత చక్కని తుపాకియైనను అధర్మయుద్ధపు ఓటమిని ఆపలేకపోయెను. ఆ ఘోరము మరికొన్నాళ్లు సాగుటకు మాత్రము తోడ్పడెను. దీనిని తుపాకి ఘనతగా లెక్కింపవలెనా? మేము లెక్కింపజాలము.

1945 ఏప్రిలులో అమెరికను సేనలు సూల్ పట్టణమున ప్రవేశించెను. ష్మైసరును ప్రశ్నించిరి. జూలై మొదట, విజేతల ఒప్పందము ననుసరించి థురింజియా సోవియట్ల వశమయ్యెను. వారు హేనెల్ కర్మాగారమున మిగిలియున్న భాగములతో 50 స్టుర్మ్‌గెవేరులను కట్టించి పరీక్షకై తీసికొనిపోయిరి. నమూనా చిత్రపటములను వేలకొలది కాగితములుగా పట్టుకొనిపోయిరి. కాగితముల తరువాత మనుష్యుల వంతు వచ్చెను. 1946 అక్టోబరులో సోవియట్ అధికారులు తమ వశమందలి జర్మను ప్రాంతమునుండి వేలకొలది శాస్త్రజ్ఞులను, పనివారిని రైళ్లలో నెక్కించి తమ దేశమునకు తరలించిరి. వారిలో అరువది రెండేండ్ల ష్మైసర్ ఒకడు. ఆ నెలలోనే, అక్టోబరు 16వ తేదీన, నూరెంబర్గ్ నగరమున ఫ్రిట్జ్ సౌకెల్ ఉరికంబ మెక్కెను. సిమ్సన్ కుటుంబము ఆస్తిని లాగుకొన్న ఆ మనుష్యుడే, ఆక్రమిత దేశములనుండి లక్షలకొలది జనులను బలవంతముగ జర్మనీకి వెట్టిచాకిరికి తెప్పించినందుకు శిక్షింపబడెను. ఆ యధికారి యేలుబడిలోని ఆయుధశిల్పి, తాను స్వయముగా పరదేశమునకు బలవంతపు పనికి పోవలసివచ్చెను. న్యాయమందుమా, పరిహాసమందుమా? విధి యిట్టి లెక్కలు వ్రాయుటలో మనకంటె నేర్పరి.

అతనిని చేర్చినది ఉరల్ పర్వతములకు పడమట నున్న ఇజెవ్‌స్క్ నగరము. అది 1807 నుండి రష్యా ఆయుధముల ఊరు. ఒక విధముగా రష్యావారి సూల్. అచట అతడు 1952 వరకు నుండెను. సరిగా ఆ కాలముననే, ఆ నగరముననే, కలష్నికోవ్ తుపాకి కర్మాగారమునకు వచ్చెను. 1947లో పరీక్షలలో నెగ్గి, 1949లో సోవియట్ సైన్యమున స్వీకరింపబడినది. ఇంకేమి కావలెను? కలష్నికోవ్ తుపాకి నిజమునకు ష్మైసరుదే యని కొందఱు వ్రాసిరి. అతనికి దానితో ఏ సంబంధమును లేదని మరికొందఱు ఖండించిరి. పేరునకై దేశములు పోరాడుట మనమెరిగినదే.

మేము పరిశీలించినంతలో న్యాయము ఈ రెంటికి నడుమ నున్నది. కలష్నికోవ్ తొలి నమూనాలు కొవ్రోవ్ పట్టణమున రూపొందినవి. ష్మైసర్ ఇజెవ్‌స్క్ చేరునప్పటికి ఆ పని నడచుచునే యుండెను. రెండు తుపాకులును బయటికి అన్నదమ్ములవలె కనబడినను, లోపల వేరు. ష్మైసర్ తుపాకిలో గడియ పైకి క్రిందికి ఒరగును. కలష్నికోవ్ తుపాకిలో గడియ తిరిగి బిగియును. జర్మనులకు చేతనైన రేకుపని రష్యావారికి వెంటనే పట్టుబడలేదు. తొలి కలష్నికోవ్ తుపాకుల రేకు దేహములు చెడిపోవుచుండుటచే, 1951 ప్రాంతమున మరల ఇనుపదిమ్మను తొలుచు పాతపద్ధతికి పోవలసివచ్చెను. జర్మను నిపుణుడు రహస్యమంతయు చేతిలో పెట్టియుండినచో ఇట్లేల జరుగును? కాని నడిమి తూటా, వంపు పెట్టె, పైనాళపు పిస్టను, ఒక్కడు మోయు వరుస తుపాకి యను సమగ్ర భావమును సోవియట్లు స్టుర్మ్‌గెవేరునందు చూచిరనుటలో సందేహము లేదు. దొంగిలించిరనుట అన్యాయము, చూడలేదనుట అబద్ధము. యంత్రవిద్యలో ఎవడును శూన్యమునుండి సృజింపడు. ఫ్యోదొరోవ్ వెనుక మాక్సిమ్ కలడు. ష్మైసర్ వెనుక ఫ్యోదొరోవ్ కాలపు ఆలోచన కలదు. కలష్నికోవ్ వెనుక వీరందఱును కలరు.

ఈ వివాదమునకు 2017లో హాస్యమైన అనుబంధము కలిగెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో మాస్కో నగరమున కలష్నికోవ్ విగ్రహము ఆవిష్కరింపబడెను. విగ్రహముతో కూడ తుపాకుల భాగముల చిత్రములను లోహమున చెక్కియుంచిరి. కొలది దినములలోనే, తెలిసినవారు దగ్గరకు పోయి చూడగా, అందులో నొక చిత్రము కలష్నికోవ్ తుపాకిది కాదు, జర్మను స్టుర్మ్‌గెవేరుది! అధికారులు సిగ్గుపడి, పనివారిచేత ఆ పలకను కోయించి తొలగించిరి. రష్యా వీరుని పాదములకడ ష్మైసర్ తుపాకి మూడు దినములు నిలిచి, మరల మాయమయ్యెను. బ్రతికియున్నపుడు దక్కని గుర్తింపు పొరపాటున దక్కి, పొరపాటు తెలియగనే పోయినది.

ష్మైసర్ 1952 జూనులో స్వదేశమునకు తిరిగివచ్చెను. అప్పటికి జర్మనీ రెండు ముక్కలై, సూల్ తూర్పు జర్మనీలో నుండెను. మరుసటి సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీన ఎర్ఫుర్ట్ నగరపు ఆసుపత్రిలో మరణించెను. అరువది తొమ్మిది నిండుటకు పన్నెండు దినములు తక్కువ. అతని దేహమును సూల్ పట్టణముననే భూస్థాపితము చేసిరి.

అతడు పోయిన తరువాత అతని చేతిలో తీర్చబడిన భావము లోకమును చుట్టెను. కలష్నికోవ్ జాతి తుపాకులు కోట్లకొలది తయారయ్యెను. అమెరికనులు మొదట ఈ ఆలోచనను నిరాకరించి, 1960 తరువాత 5.56 మిల్లీమీటర్ల చిన్న తూటాతో ఎం 16ను తెచ్చుకొనిరి. వలసప్రభువులను పాఱద్రోలిన మొజాంబిక్ ప్రజలు 1983లో స్వీకరించిన తమ జాతీయపతాకముపై దాడి తుపాకి బొమ్మను ఉంచుకొనిరి. స్వాతంత్ర్యమునకై పోరాడిన వారి చేతను ఇదే తుపాకి; ఆ స్వాతంత్ర్యమును హరించిన నియంతల చేతను ఇదే తుపాకి; బడికి పోవలసిన పసిబాలుర చేత బలవంతముగ పెట్టినదియు ఇదే తుపాకి. 2012లో సిరియా అంతర్యుద్ధమున తిరుగుబాటుదారులకు ఒక ఆయుధాగారమున దొరికినవి ఆనాటి స్టుర్మ్‌గెవేరులే. వానిని చేసిన రాజ్యము నశించినది, చేసినవాడు నశించెను, వానిని పట్టిన తొలి సైనికులు నశించిరి. ఇనుము మాత్రము నశింపలేదు. ఏడు దశాబ్దుల తరువాత, సంబంధమే లేని దేశమున, సంబంధమే లేని తగవులో, మరల పేలుటకు సిద్ధముగా నుండెను.

ఇప్పుడు మేము మొదట ఎత్తుకొన్న ప్రశ్నకు వత్తము. కైజరు కాలమున ష్మైసర్ తుపాకి చేసెను. ప్రజాప్రభుత్వకాలమున చేసెను. నాజీలకు చేసెను. కడకు బందీయై సోవియట్ల కర్మాగారమున నుండెను. యజమానులు మారిరి, ఆకురాయి మారలేదు. పని చక్కగా నున్నదా యను ప్రశ్నకు అతని జీవితమంతయు సమాధానమే. ఎవరికొరకు అను ప్రశ్నకు అతని జీవితమున సమాధానము కనబడదు. పొరుగు కర్మాగారపు యజమానుని తరిమివేసిన ప్రభుత్వమునకే మరునాడు తన నేర్పును సమర్పించినవానిని నేరస్థుడని న్యాయస్థానములు శిక్షింపలేదు. అతడు క్రూరుడని చెప్పుటకును మాకు ఆధారము లేదు. కాని లోకమున ఘోరములు సాగుటకు క్రూరులు మాత్రమే చాలరు. తలవంచుకొని తమ పని తాము చక్కగ చేయు నేర్పరులు వేలకొలది కావలెను. ఈ సత్యమును మనము మఱువరాదు.

దీనికి ప్రక్కన కలష్నికోవును నిలిపి చూడుడు. తొంబది నాలుగేండ్లు బ్రతికి 2013లో మరణించిన ఆయన, జీవితమున చాలకాలము తన తుపాకి మాతృభూమి రక్షణకై చేయబడినదనియు, దుర్వినియోగమునకు రాజకీయులే బాధ్యులనియు చెప్పుచు వచ్చెను. కాని కడపటి దినములలో రష్యా మతాచార్యునికి ఒక లేఖ వ్రాసి, తన తుపాకిచే చచ్చినవారి పాపములో తనకును భాగమున్నదా యని మనోవేదనతో అడిగెను. ఆ లేఖ ఆయన మరణానంతరము 2014లో ప్రకటింపబడెను. బిరుదులు, పతకములు, విగ్రహములు అన్నియు పొందినవానికి కూడ ఆ ప్రశ్న తప్పలేదు. ఆలస్యముగనైనను అడిగెను. ఆ యొక్క ప్రశ్నయే, మా దృష్టిలో, ఆయన తుపాకికంటె గొప్పది.

స్వతంత్రదేశమునకు రక్షణ కావలెననుటలో వివాదము లేదు. మన దేశమునను ఉత్తరప్రదేశములోని కొర్వాలో కలష్నికోవ్ జాతి తుపాకులు చేయుటకు 2019లో రష్యాతో కలసి సంస్థను నెలకొల్పిరి. సరిహద్దున నిలిచిన సిపాయి చేతిలో మంచి ఆయుధము లేకుండుట దేశమునకు గౌరవము కాదు. కాని స్వతంత్రదేశమున పనివానికి ఒక హక్కు కలదు. నిరంకుశరాజ్యమున పనివానికి అది లేదు. తాను చేయునది ఎవరి చేతికి పోవును, ఎవరిపై పేలును అని అడుగు హక్కు అది. ఆయుధములే కాదు, నేడు శాస్త్రజ్ఞుల చేత తయారగుచున్న సమస్త యంత్రములకును ఇది వర్తించును. ష్మైసర్ ఆ ప్రశ్న నడిగి, పని మానియుండినచో ఆ తుపాకి రాకపోయెడిదా? మరియొకడు చేసియుండును, వాల్తర్ సంస్థ నమూనా సిద్ధముగనే యుండెను. అయినను అడుగుటచే తుపాకి ఆగదని అడుగుట మానరాదు. లోకమును మార్చలేకపోయినను మనుష్యుడు తన పాలికి తాను జవాబు చెప్పుకొనవలెను.

సూల్ పట్టణమున నేడు ఆయుధముల ప్రదర్శనశాల కలదు. ఆ ఊరి శతాబ్దుల పనితనము అచట చూపబడుచున్నది. చూడవచ్చినవారు ఇనుపపనిలోని సొంపును మెచ్చుకొందురు, మెచ్చదగినదే. కాని ఏ ప్రదర్శనశాలయందును తుపాకి ప్రక్కన అది కూల్చిన జనుల పట్టిక వ్రేలాడదు. ఆ పట్టికను మనస్సున వ్రాసికొనువాడే ఆ పనితనమునకు సరియైన వెల కట్టగలడు.